మిగిలిన కార్లు అరవై ఒకటి

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది అన్నది మొదటే చెప్పుకోవడం మంచిది. అన్యాయం ఒక డ్రైవింగ్ టీచరమ్మకు జరిగింది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఒక మంగళవారం ఉదయం పదీ ఇరవైకి, నడివీధిలో, పాఠం మధ్యలో, వరద సహాయక విధుల నిమిత్తం ప్రభుత్వం ఆవిడ కారును మూడు రోజులకని తీసుకుంది. రసీదు ఇచ్చింది. కారు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నష్టపోయిన మనిషి తానే మరొకరికి బాకీ పడడం ఇందులో రెండో అన్యాయం. ఆ రోజు పాఠం రివర్సు. స్టీరింగు దగ్గర కూర్చున్నది టీచరమ్మ తమ్ముడి భార్య, అప్పటికి పెళ్లై నాలుగు నెలలు. కొత్త కోడలు క్లచ్చి తొక్కి, గేరు గుండు పిడికిట పట్టుకుని, వెనక్కి తల తిప్పిందో లేదో, ఒక జూనియర్ గుమాస్తా వచ్చి కిటికీ అద్దం తట్టాడు. ఆ కంగారులో ఆమె గేరు గుండును ఊడబెరికి పిడికిట్లోనే పెట్టుకుని దిగిపోయింది. ముందు అద్దానికి 'వరద సహాయక విధి' అని కాగితం అంటించుకుని కారు వెళ్లిపోయింది. పాఠం అక్కడే ఆగిపోయింది.

మరో కారు మీద నేర్పవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. టీచరమ్మకు ఒక నియమం ఉంది. ఆ కారులో ఆవిడ కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉండేది. తన కాలి కింద రెండో బ్రేకు లేనిదే ఎవరికీ రివర్సు నేర్పకూడదని ఆవిడ నియమం. మరదలికీ ఒక నియమం ఉంది. మొదలుపెట్టినవాళ్లే ముగించాలి, వేరొకరి దగ్గర నేర్చుకోకూడదని. కట్టుకున్నవాడు మెకానిక్కు. "నేను నేర్పుతానే" అని అతను కాళ్లావేళ్లా పడ్డా ఆమె వినలేదు. ముందుకు నడపడం పూర్తిగా వచ్చు గనుక బ్రెడ్డు వ్యాను నడిపే ఉద్యోగంలో చేరింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊరంతటికీ బ్రెడ్డు చేరవేస్తోంది, ఒక్కసారి కూడా వ్యానును వెనక్కి నడపకుండా. ఒక వీధి చివర దారి మూసుకుపోయి ఉంటే ఆ వీధికి బ్రెడ్డు లేదు.

ఇంట్లో పెళ్లైనా, పురుడైనా, ఆస్పత్రిలో పరామర్శైనా మరదలు అందరి ముందూ ఒక మాట అనేది.

"వదినా, నాకు రివర్సు బాకీ ఉన్నావు."

"ఉన్నాను," అనేది టీచరమ్మ. అబద్ధం ఆడడం ఆవిడకు రాదు.

ఇదిలా ఉండగా వారసత్వ రవాణా శాఖ మంత్రిగారు చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. చరిత్రాత్మకం కాని ప్రకటన ఆయన ఇంతవరకూ చేసి ఎరుగరు.

"గతాన్ని గౌరవించని జాతికి భవిష్యత్తులో పార్కింగ్ దొరకదు," అన్నారు మంత్రిగారు పత్రికలవారితో. "మన నగరంలో ఒకప్పుడు మూడు వందల నలభై పాతకాలపు కార్లు తిరిగేవి. వాటిలో ఎన్ని పోయాయి, ఎలా పోయాయి, ఎన్ని మిగిలాయి? తొంభై రోజుల్లో లెక్క తేల్చి జాతికి అంకితం చేస్తాం!"

"అంకితం చేసేది లెక్కనా సార్, కార్లనా?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఏది ముందు తేలితే దాన్ని," అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

ఈ తొందరకు ఒక కారణం ఉంది. అరవైకి మించి పాతకాలపు కార్లు మిగుల్చుకున్న ఊరికి 'వింటేజ్ నగరం' అనే పట్టం ఇచ్చే సంస్థ ఒకటి ఉంది. పొరుగు నగరం సరిగ్గా అరవై దగ్గర ఆగిపోయింది. అరవై ఒకటో కారు కోసం పొరుగువారు వెతుకుతున్నారని మంత్రిగారికి రహస్య సమాచారం అందింది.

శాఖ డైరెక్టరుగారు రంగంలోకి దిగారు. ముప్పై రోజుల్లో మొదటి నివేదిక వచ్చింది. మిగిలినవి మూడు. మొదటిది మ్యూజియంలో ఉంది, ప్లాస్టరుతో చేసినదైనా చక్కటి స్థితిలో ఉంది. రెండోది ఒక ఫోటోలో ఉంది. మూడోది మంత్రిగారి మామగారి షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. టార్పాలిన్ ఎత్తి చూడడం పెద్దమనిషిని అవమానించడం అవుతుంది గనుక ఆకారాన్ని బట్టి కారుగా నిర్ధారించారు.

పోయిన మూడు వందల ముప్పై ఏడింటికి కూడా కారణాలు పట్టిక కట్టారు. తుప్పు వల్ల నూట ఇరవై ఒకటి. పాత ఇనుము కొట్ల వల్ల తొంభై ఎనిమిది. వారసుల తగాదాల వల్ల యాభై నాలుగు, వీటిలో ఒకదాన్ని అన్నదమ్ములిద్దరూ రంపంతో సమంగా కోసుకున్నారు. కోళ్ల గూళ్లుగా మారినవి నలభై ఒకటి. కారణం తెలియనివి ఇరవై మూడు. చిట్టచివర ఒక వరుస: 'ప్రభుత్వం వల్ల: లేవు.'

పట్టిక పత్రికలో పడింది. టీచరమ్మ దాన్ని చదివి, చివరి వరుస కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసింది. పిల్లల పరీక్ష కాగితాలు దిద్దడానికి వాడే పెన్సిలు అది. కారు పోయాక ఆవిడ ముప్పై ఎనిమిదేళ్లుగా నల్లబల్ల మీద ట్రాఫిక్ నిబంధనలు మాత్రమే బోధిస్తోంది. బీరువాలోంచి రసీదు తీసి, గొడుగు పట్టుకుని, డైరెక్టరు కార్యాలయానికి బయలుదేరింది.

డైరెక్టరుగారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నిలబడి పెట్టే నమస్కారం వచ్చినవాళ్లను సాగనంపడానికే గనుక టీచరమ్మకు విషయం అర్థమైపోయింది.

"ఈ రసీదు మీద సంతకం మీదే కదా?"

ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. "నాదే మేడమ్! అప్పుడు జూనియర్ గుమాస్తాని. చూడండి, ఎంత గుండ్రంగా రాసేవాణ్ణో!"

"మూడు రోజులన్నారు."

"అది నోటి మాట మేడమ్. రాతలో ఏముందో చదవండి. 'వరద తగ్గినట్టు అధికారిక ధ్రువీకరణ అందిన వెంటనే వాహనం సర్వభాగాలతో తిరిగి ఇవ్వబడును.' వరద వచ్చినట్టు ధ్రువీకరణ వచ్చింది. తగ్గినట్టు రాలేదు."

"వరద తగ్గి ముప్పై ఎనిమిదేళ్లయింది. నేను మీ గుమ్మంలోకి పొడి చెప్పులతో నడిచి వచ్చాను."

"మీ చెప్పులు రికార్డు కాదు కదా మేడమ్," అన్నారు డైరెక్టరుగారు ఎంతో సానుభూతితో.

"సరే. అయితే ఈ పట్టికలో 'ప్రభుత్వం వల్ల: ఒకటి' అని దిద్దండి."

"ఎలా కుదురుతుంది? ప్రభుత్వం తీసుకున్నది పోవడం అంటూ ఉండదు. అది ప్రభుత్వంలోనే ఎక్కడో ఒకచోట ఉంటుంది. కాస్త కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను."

ఆయన బల్ల అంచున ఉన్న రబ్బరు బుడగ నొక్కారు. 'పోంక్' మని మోగింది. బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు. టీచరమ్మ వంగి ఆ బుడగను చూసింది. ఆ 'పోంక్' ఆవిడ హారను. కుడిచేతి వైపు సొట్ట కూడా అలాగే ఉంది. వెనక్కి జరిగి సోఫాలో కూర్చోబోయి, చేత్తో తడిమి చూసింది. నీలం దారంతో తాను వేసిన కుట్టు చేతికి తగిలింది. కుట్టు పక్కన తెల్ల రంగుతో '27' అని ఉంది.

ఆ అంకె సంగతి కూడా చెప్పుకోవాలి. టీచరమ్మ చిన్నప్పుడు హాస్టలు బళ్లో చదువుకుంది. అక్కడ రుమాలు దగ్గర నుంచి సబ్బుపెట్టె దాకా ప్రతి వస్తువు మీదా పిల్ల నంబరు వేయించేవారు. ఆవిడది ఇరవై ఏడు. ఆ అలవాటు కొద్దీ కారులో విప్పదీయగల ప్రతి భాగం మీదా తెల్లరంగుతో తన నంబరు వేసుకుంది.

"డైరెక్టరుగారూ," అంది టీచరమ్మ నిలబడే, "ఇది సోఫా కాదు. నా కారు."

డైరెక్టరుగారు నవ్వబోయి ఆగిపోయారు. ఒక గొప్ప ఆలోచన పుట్టేటప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో చూసే భాగ్యం టీచరమ్మకు కలిగింది.

"మేడమ్, మళ్లీ చెప్పండి. ఇది మీ కారులో సీటా, కారా?"

"నా కారు."

"రాసుకోవయ్యా!" అని గుమాస్తాను కేకేశారు డైరెక్టరుగారు. "స్వయంగా యజమానురాలి వాంగ్మూలం. సీటు కారే. సీటు మిగిలింది గనుక కారు మిగిలింది. నాలుగో కారు!" ఆనందంతో హారను నొక్కారు. దాని వంక చూశారు. దాని మీద కూడా '27' ఉంది. "అయిదో కారు!"

ఆ సాయంత్రమే అన్ని శాఖలకూ సర్క్యులరు వెళ్లింది. ఏ భాగం మిగిలినా ఆ కారు మిగిలినట్టే. తమ తమ కార్యాలయాల్లోని పాతకాలపు కార్లను వారంలోగా నివేదించవలెను. నివేదించని అధికారుల బదిలీ గురించి ఆలోచించబడును.

కార్లు వెల్లువెత్తాయి. నీటి సరఫరా శాఖలో పంపు తిప్పుతున్న ఇంజను ఒక కారైంది. పురపాలక తోటలో జనం బెంచీ అనుకుని కూర్చుంటున్న అడుగు చట్రం, అంటే చాసిస్, ఒక కారైంది. ఫైళ్ల బండికి ఉన్న నాలుగు చక్రాలు నాలుగు కార్లయ్యాయి. రికార్డు గదికి బిగించిన నాలుగు తలుపులు మరో నాలుగు. సైకిలు షెడ్డు మీది పైకప్పు ఒకటి, ఖజానా అధికారి గడ్డం గీసుకునే అద్దం ఒకటి, మంత్రిగారి బంగళా గేటుకు వెలుగుతున్న దీపాలు రెండు. ప్రణాళికా శాఖవారి గోడ మీద ప్రగతిని సూచిస్తూ వేలాడుతున్న స్పీడోమీటరు మరొకటి. దాని ముల్లు సున్నా దగ్గర ఉంది, ముప్పై ఎనిమిదేళ్లుగా ఎవరూ దాన్ని తప్పని అనలేదు.

వారం తిరిగేసరికి యాభై ఎనిమిది కార్లు చేరాయి. పాత మూడూ కలిపి అరవై ఒకటి. పట్టికలో తుప్పు ఖాతా నుంచి యాభై ఎనిమిది కార్లను వెనక్కి లాక్కుని, నూట ఇరవై ఒకటిని అరవై మూడుగా దిద్దారు.

కొత్తగా దొరికిన కార్లన్నిటి మీదా ఒకే అంకె ఉండడం డైరెక్టరుగారి సూక్ష్మదృష్టిని దాటిపోలేదు. 'మోడల్ 27: ఒక మృత్యుంజయ వాహనం' అనే వ్యాసం రాశారు. ఆ కాలంలో ఎన్నో మోడళ్లు వచ్చి పోయినా ఒక్క ఇరవై ఏడో మోడలే అధికసంఖ్యలో మిగలడానికి దాని దృఢత్వమే కారణమని నిరూపించారు. విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ప్రకటించింది. టీచరమ్మకు కూడా న్యాయం చేశారు. ఆవిడను 'మోడల్ 27 గౌరవ నిపుణురాలు'గా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు.

ఆ ఆదివారం తమ్ముడింట్లో భోజనాలయ్యాక టీచరమ్మ బల్ల మీద పత్రిక పరిచింది. అరవై ఒక్క కార్ల జాబితా, ఏది ఏ కార్యాలయంలో ఉందో వివరాలతో సహా, నిండు పేజీ ప్రకటనగా వచ్చింది. మెకానిక్కు తమ్ముడు దాన్ని వేలితో గీస్తూ చదివాడు. చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అక్కా, ఇది కార్ల జాబితా కాదే. మన కారు విడిభాగాల జాబితా!"

"నాకు తెలుసురా. ఏమైనా తక్కువయ్యాయా చూడు."

అతను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "కార్బురేటరు ఉంది, శిక్షణ కళాశాలలో కాగితాల బరువుగా పెట్టుకున్నారు. గేరు పెట్టె ఉంది. స్టీరింగు ఉంది. రెండో బ్రేకు... క్రమశిక్షణ విచారణాధికారి కాళ్ల కింద ఉందట. ఆయనకు ఆ బ్రేకు ఎందుకక్కా?"

"విచారణలు ఆపడానికి," అంది మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"నువ్వుండవే. అన్నీ ఉన్నాయక్కా. గేరు గుండు ఒక్కటే లేదు."

మరదలు లోపలికి వెళ్లింది. పప్పుల డబ్బా మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చి బల్ల మీద ఒక నల్లటి గుండు పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు తుడిచి తుడిచి అద్దంలా మెరుస్తోంది. దాని మీద గేర్ల గీతలు, ఒక మూల రివర్సు గుర్తు, అడుగున చిన్న '27'.

"దీన్ని ఇన్నాళ్లూ దాచావా?" అన్నాడు తమ్ముడు. "కారు వస్తుందనా?"

"కారు సంగతి నాకెందుకండీ. మీ అక్క బాకీకి ఇది నా రసీదు."

టీచరమ్మ ఆ గుండును చేతిలోకి తీసుకుని రివర్సు గుర్తు మీద వేలు రాసింది. ఆవిడకు డెబ్బై రెండేళ్లు. ఈ మధ్య మోకాలు మాట వినడం లేదు. ఇంకొన్నాళ్లకు కాలు బ్రేకు దాకా చాపడం కూడా కష్టమవుతుంది. మరదలికి అరవై దాటుతున్నాయి, రెండు నెలల్లో వ్యాను ఉద్యోగం నుంచి దింపేస్తారు. చెల్లించకుండా పోతే ఈ బాకీని వసూలు చేసుకునే చోటు పై లోకంలో ఎక్కడా ఉండదు.

"ఒరేయ్, పానాల పెట్టె సిద్ధం చెయ్యి," అంది.

గౌరవ నిపుణురాలి హోదాలో టీచరమ్మ డైరెక్టరుగారికి రెండు అర్జీలు పెట్టింది. రెండూ ఎంతో వినయంగా ఉన్నాయి. మొదటిది, మోడల్ 27 కార్లన్నిటికీ వాటి వాటి చోటనే నూనె పెట్టి శుభ్రం చేయించడానికి ఒక మెకానిక్కును అనుమతించడం. రెండోది, ప్రదర్శన రోజున మైదానంలో స్థలం చాలదు గనుక మోడల్ 27 కార్లను దగ్గర దగ్గరగా అమర్చుకోవడానికి అనుమతించడం.

"ఎంత దగ్గరగా మేడమ్?" అన్నారు డైరెక్టరుగారు.

"వీలైనంత."

"మీవంటి బాధ్యత గల పౌరులు పదిమంది ఉంటే చాలు," అంటూ ఆయన రెండింటి మీదా సంతకం చేశారు. అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగానే ఉన్నాయి.

ప్రదర్శన రోజు వచ్చింది. మైదానంలో ఒక చివర వేదిక, దానికి ఎదురుగా మరో చివర గేటు. వేదిక ముందు అరవై ఒక్క పీఠాలు, పీఠానికొక పూలదండ, పీఠానికొక పోలీసు. వేదిక మీద పెద్ద బోర్డు: 'మిగిలినవి 61.' సంస్థ పంపిన పరిశీలకులు ముగ్గురూ సాయంత్రం నాలుగింటికి వచ్చి లెక్కపెడతారు. ఉదయం ఆరింటికల్లా కార్లు రావడం మొదలైంది. ఒక లారీలో అద్దం దిగింది. ఒక వ్యానులో వైపరు దిగింది. గేటు దీపాలు రెండింటినీ మంత్రిగారి భద్రతా సిబ్బంది పహరాతో తీసుకొచ్చారు.

తమ్ముడు కొత్త బ్యాటరీ, గొట్టాలు, పెట్రోలు డబ్బా వెంట తెచ్చుకున్నాడు. తక్కిన పనంతా నెలరోజులుగా ఆఫీసు ఆఫీసుకూ తిరిగి చేసేశాడు. టీచరమ్మ గొడుగు కింద ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, అనుమతిపత్రాన్ని ఒళ్లో పెట్టుకుంది. చాసిస్ పక్కన చక్రాలను దగ్గరగా అమర్చారు. చాసిస్ మీద ఇంజనును దగ్గరగా అమర్చారు. పోలీసులు ఒక్కొక్కరే తమ కారు వెంట నడిచి వచ్చి, ఒకే చోట గుంపుగా నిలబడాల్సి వచ్చింది.

"ఇదేంటమ్మా, నా కారు మీ తమ్ముడు బోల్టేసి బిగిస్తున్నాడు?" అన్నాడు ఒక పోలీసు.

"అంతకంటే దగ్గరగా ఎలా పెట్టాలో నువ్వు చెప్పు నాయనా," అంది టీచరమ్మ కాగితం చూపిస్తూ. అతను చదివి, సెల్యూట్ కొట్టి, బోల్టు పట్టుకున్నాడు.

మూడున్నరకు మరదలు బ్రెడ్డు పంచేసి, వ్యానును మైదానం చుట్టూ తిప్పి తెచ్చి ఆపింది. గేరు గుండును తానే బిగించింది. చివరిది అది.

నాలుగింటికి మంత్రిగారు, డైరెక్టరుగారు, పరిశీలకులు వచ్చారు. యాభై ఎనిమిది పీఠాలు ఖాళీ. వాటికి ఎదురుగా, వేదికకు ముక్కు ఆనించి, మెడలో యాభై ఎనిమిది దండలతో ఒక నల్లటి కారు నిలబడి ఉంది. పక్కన ప్లాస్టరు కారు, ఫోటో, టార్పాలిన్ మాత్రం తమ స్థానాల్లోనే ఉన్నాయి.

"మిగిలినవేవి?" అన్నాడు పరిశీలకుల పెద్ద.

డైరెక్టరుగారి ముఖం తడి సున్నం వేసిన గోడలా అయింది. మంత్రిగారు మాత్రం తొణకలేదు. అందుకే ఆయన మంత్రి.

"అన్నీ ఇందులోనే ఉన్నాయి," అన్నారు గంభీరంగా. "ప్రపంచంలో మొట్టమొదటిసారిగా యాభై ఎనిమిది కార్లు ఒక్క కారుగా సమైక్యమయ్యాయి. మా ప్రభుత్వ మూలసూత్రమే ఐక్యత. మీరు భాగాలు లెక్కపెట్టుకోవచ్చు."

పరిశీలకులు తమలో తాము గుసగుసలాడుకున్నారు. భాగాలు లెక్కపెట్టారు. జాబితాలోని యాభై ఎనిమిదీ ఉన్నాయి. నియమావళి తిరగేశారు. అందులో కార్ల మధ్య ఎంత దూరం ఉండాలో ఎక్కడా లేదు. చివరికి పెద్దాయన ఒక ఫారం తీశాడు.

"అరవై ఒకటి సరిపోయింది. ఒక్క సందేహం మిగిలింది. ఈ కారు అద్దం మీద 'వరద సహాయక విధి' అని కాగితం అంటించి ఉంది. వరద ఉన్న ఊరికి మేం పట్టం ఇవ్వం, కార్లు తడిసిపోతాయి. మీ నగరంలో వరద ఉందా?"

"వరదా!" మంత్రిగారు నవ్వారు. "చివరిసారి వచ్చింది ముప్పై ఎనిమిదేళ్ల కిందట. వారంలో తగ్గిపోయింది."

"అయితే ఇక్కడ రాసి, సంతకం చేసి, ముద్ర వేయండి."

డైరెక్టరుగారు చెయ్యి ఎత్తారు. "సార్, ఒక్క నిమిషం, ఆ ధ్రువీకరణ..." అంటూ ఉండగానే మంత్రిగారు సంతకం చేసేశారు. ఆయన సంతకం ఆపగల బ్రేకు ఇంకా కనిపెట్టలేదు. ముద్ర పడింది. చప్పట్లు మోగాయి. నగరం వింటేజ్ నగరమైంది.

చప్పట్లు ఆగే దాకా టీచరమ్మ మర్యాదగా ఆగింది. తరవాత వేదిక మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, తడి ఆరని ఫారాన్ని డైరెక్టరుగారి ముందుకు జరిపింది. దాని పక్కన రసీదు పెట్టింది.

"వరద తగ్గినట్టు అధికారిక ధ్రువీకరణ. మంత్రిగారి సంతకం, ముద్ర. చదవండి, వెంటనే అని ఉంది."

"మేడమ్, ఈ ఒక్క కారు ఇచ్చేస్తే నాకు యాభై ఎనిమిది పోతాయి!"

"సర్వభాగాలతో అని కూడా ఉంది," అంది టీచరమ్మ. "గుండ్రంగా మీరే రాశారు."

పరిశీలకుల పెద్ద చూస్తున్నాడు. పత్రికలవాళ్లు చూస్తున్నారు. మంత్రిగారు ఫోటోలకు నవ్వుతూనే పళ్ల మధ్య నుంచి, "ఏదో సంతకం చేసి పంపించెయ్యవయ్యా," అన్నారు. డైరెక్టరుగారు రసీదు వెనక 'తిరిగి ఇవ్వడమైనది' అని రాశారు. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు.

టీచరమ్మ మెట్లు దిగింది. కారులో తన వైపు కూర్చుని కాలు చాపింది. మోకాలు కలుక్కుమంది గానీ అరికాలు రెండో బ్రేకును తాకింది. స్టీరింగు దగ్గర మరదలు రెండు చేతులూ చీరకు తుడుచుకుంటోంది. ముందు వేదిక. ఎడమన ప్లాస్టరు కారు, కుడిన పత్రికలవాళ్లు. బయటికి వెళ్లే దారి వెనక ఒక్కటే ఉంది.

"భయంగా ఉంది వదినా."

"క్లచ్చి తొక్కు. గేరు గుండు పట్టుకో. ఇప్పుడు వెనక్కి తల తిప్పు. ఎక్కడ ఆపానో అక్కడి నుంచే చెబుతున్నాను. నువ్వు పోవాలనుకున్న వైపే చూడాలి, వేదిక వైపు కాదు. వదులు మెల్లిగా."

ఇంజను ఒకసారి దగ్గింది. కారు కదిలింది. వెనక్కి కదిలింది. పూలదండలు ఒక్కటొక్కటే జారి పడుతున్నాయి. వెనక బంపరు కొస టార్పాలిన్ అంచుకు చిక్కుకుని దాన్ని వెంట ఈడ్చుకుపోయింది. టార్పాలిన్ కింద పన్నెండు మడత కుర్చీలు బయటపడ్డాయి. పొద్దుటి నుంచి కుర్చీలు చాలక నిలబడ్డ అధికారులు వాటిని విప్పుకుని కూర్చున్నారు.

వేదిక మీద గుమాస్తా నిచ్చెన వేసుకుని, 'మిగిలినవి' ఎదుట ఉన్న ఆరును చెరిపేసి, ఒకటిని మూడుగా దిద్దాడు. తరవాత పక్కనే వేలాడదీసిన పోయినవాటి పట్టిక అడుగున డైరెక్టరుగారు చెప్పినట్టే ఒక కొత్త వరుస రాశాడు: 'యజమానుల వల్ల: 58.'

గేటు దగ్గర కావలివాడు కారును ఆపబోయాడు. అద్దం మీది 'వరద సహాయక విధి' కాగితం చూసి, సెల్యూట్ కొట్టి, రెండు తలుపులూ బార్లా తెరిచాడు. కారు తిన్నగా, గీత గీసినట్టు, వెనక్కి వెళ్లి రోడ్డు మీద ఆగింది.

మరదలు అప్పుడు ఊపిరి వదిలింది. వంగి టీచరమ్మ కాలి వైపు చూసింది. రెండో బ్రేకు మీద ఉన్న కాలు దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు.

"బాకీ చెల్లిపోయింది వదినా," అంది.

"చెల్లలేదు. నడిపింది ఒక్కసారే," అంది టీచరమ్మ. "పాఠం మూడుసార్లు."

తక్కిన రెండుసార్లు కూడా ఆ రోడ్డు మీదే, చీకటి పడకముందే, అయిపోయాయి.